చలిదేశపు నాచు, వెచ్చని కప్ప: ఒకే గాజుపెట్టెలో ఎనిమిది వారాలు

"కప్పకు జబ్బు చేసినట్టుందండి. నాచు మాత్రం ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది."

డిసెంబరు మొదటి వారంలో ఫోను చేసిన ఆ తల్లి చెప్పిన మొదటి మాటలివి. ఈ రెండింటికీ కారణం ఒక్కటేనని ఆమెకు అప్పటికి తెలియదు. వాళ్లింటికి వెళ్లి పెట్టెలో థర్మామీటరు పెట్టేదాకా నాకూ తెలియలేదు.

మినియాపొలిస్ చుట్టుపక్కల ఇళ్లలో ఉష్ణమండలపు కప్పల కోసం గాజుపెట్టెలు అమర్చడం, పెంచేవాళ్లకు ఇబ్బంది వస్తే వెళ్లి చూడడం నా పని. పదకొండేళ్లుగా చేస్తున్నాను. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం తిండితోనో నీళ్లతోనో వచ్చినవే. ఇది అలాంటిది కాదు. పెంచేవాళ్లు ఎంతో శ్రద్ధగా ఉన్నారు, చదివారు, రాసుకున్నారు. అయినా రెండు ప్రాణుల్లో ఒకదాన్ని కాపాడబోయి రెండోదాన్ని నీరసింపజేశారు. వాళ్ల అనుమతితోనే, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

పెట్టెలో ఉన్నవి

పెట్టె పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 60. లోపల రెండు నీలి కప్పలు, ఒకటి మగది, ఒకటి ఆడది. డెండ్రోబేటిస్ టింక్టోరియస్ అనే జాతిలో అజ్యూరియస్ అని పిలిచే రకం. సురినామ్ దక్షిణాన సిపలివిని గడ్డిమైదానాల మధ్య దీవుల్లా మిగిలిన చిన్న చిన్న అడవులు వీటి పుట్టిల్లు. 1969లో దీన్ని విడి జాతిగా వర్ణించారు, తర్వాత టింక్టోరియస్‌లోనే ఒక రూపంగా కలిపారు. చేతి బొటనవేలంత ఉంటుంది. ఒళ్లంతా నీలిమందు రంగు, వీపు మీద సిరా చుక్కలు. ఈ రెండూ అడవిలో పట్టినవి కావు, పెంపకంలో పుట్టినవే.

నేను వెళ్లగానే తల్లి అడిగిన మొదటి ప్రశ్న విషం గురించి. "అమ్మాయి అప్పుడప్పుడూ చేత్తో ముట్టుకుంటోందండి, ప్రమాదమా?" అడవిలో వీటి చర్మంలో ఉండే విషం అవి తినే చీమల నుంచి, సూక్ష్మమైన పురుగుల నుంచి వస్తుంది. పండు ఈగలు తిని పెరిగిన కప్పకు ఆ విషం ఉండదు. అసలు ప్రమాదం కప్పకే. మన చేతికున్న ఉప్పు, సబ్బు, పూసుకున్న క్రీము దాని చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి పోతాయి. ఆ మాట విని పదమూడేళ్ల అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ తర్వాత నేను ఉన్నంతసేపూ పెట్టె మూతను మోచేత్తోనే తెరిచింది.

ఇక నాచు. చెరువులో తేలే పాచిని, బావి మెట్ల మీద జారే పసరును కూడా మనం నాచనే అంటాం. ఇది అది కాదు. దీనికి కాడ, ఆకులు ఉంటాయి. అక్టోబరు రెండో వారంలో మిన్నెసోటా ఉత్తర అంచున ఈలీ అనే ఊరి దగ్గర స్నేహితుల సొంత స్థలంలో, స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల కింద నుంచి వీళ్లు రెండు సంచుల నిండా తెచ్చుకున్నారు. ఒక సంచి పెట్టెలో పరిచారు. రెండోది గ్యారేజీలో మరిచిపోయారు. ఆ మరుపే తర్వాత మాకు అక్కరకొచ్చింది.

భూతద్దం పెట్టి చూశాను. ఎక్కువ భాగం హైలోకోమియం స్ప్లెండెన్స్, అక్కడక్కడ ఎర్రకాడ ఉన్న ప్లూరోజియం ష్రెబరి. కెనడా నుంచి స్కాండినేవియా, రష్యా దాకా ఉత్తరాది అడవుల నేలను తివాచీలా కప్పేవి ముఖ్యంగా ఈ రెండే. హైలోకోమియం నాకు చాలా ఇష్టమైన మొక్క. ఏటా ఒక కొత్త మెట్టు వేస్తుంది. ఈకలాంటి నిరుటి రెమ్మ నడుము మీద నుంచి ఈ ఏటి రెమ్మ పుట్టి, వంగి, నిచ్చెన మెట్టులా పైకి వెళ్తుంది. ఒక కాడను అమ్మాయి అరచేతిలో పెట్టి లెక్కపెట్టమన్నాను. నాలుగు మెట్లు. "అంటే ఇది నాకు తొమ్మిదేళ్లప్పుడు మొదలైందా ఆంటీ?" అంది. అవును. నాలుగో మెట్టు సగంలో ఆగి, తెల్లబోయి, దారపు పోగులా సాగి ఉంది.

ఒక మంచి వాక్యం చేసిన హాని

ఈ రెంటినీ ఒక పెట్టెలో పెట్టాలనే ఆలోచన తండ్రిది. గుంటూరులో ఇంటర్ బైపీసీ చదివారు. వృక్షశాస్త్రంలో చదివిన ఒక వాక్యం ముప్పై ఏళ్లుగా ఆయనకు గుర్తుంది: బ్రయోఫైటా మొక్కలు, అంటే నాచులాంటివి, వృక్షరాజ్యపు ఉభయచరాలు. "కప్ప ఉభయచరం, నాచు కూడా ఉభయచరం లాంటిదే. రెండింటికీ తేమ కావాలి. కలిసి ఉంటాయనుకున్నానండి" అన్నారు.

ఆ వాక్యంలో తప్పు లేదు. నాచు మగకణం ఈదుకుంటూ వెళ్లి అండాన్ని చేరాలి, దానికి నీటి పొర ఉండాలి. కప్ప గుడ్డుకూ, తోకకప్పకూ నీరు ఉండాలి. అంతకన్నా లోతైన పోలిక ఇంకొకటి ఉంది. నాచుకు నిజమైన వేళ్లు లేవు. ఆకు చాలా చోట్ల ఒకే ఒక్క కణం మందం. వాన పడితే ఆకే తాగుతుంది, దుమ్ము పడితే ఆకే పీల్చుకుంటుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొత్తికడుపు కింద పలుచటి చర్మాన్ని తడి ఆకుకు ఆనించి కూర్చుంటే నీళ్లు లోపలికి ఇంకుతాయి, శ్వాసలో కొంత భాగం కూడా చర్మంతోనే. రెండింటికీ ఒంటి మీద తలుపు లేదు. అందుకే రోడ్డు పక్కన తీసిన నాచును నేను ఏ కప్ప పెట్టెలోనూ పెట్టను. గాలిలోంచి ఎంత సీసం, ఎంత రాగి రాలుతోందో తెలుసుకోవడానికి యూరప్ దేశాల శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కోసి పరీక్షిస్తున్నది సరిగ్గా ఈ రెండు జాతుల నాచునే.

కాబట్టి తడి విషయంలో ఆయన అనుకున్నది నిజమే. పాఠంలో లేనిది వెచ్చదనం.

జరిగింది

మొదటి నెల పెట్టె హాల్లో ఉంది. పగలు 25 డిగ్రీలు, రాత్రి 23. కప్పలకు అది చక్కని ఏర్పాటు. నాలుగో వారానికి నాచు పసుపు రంగుకు తిరిగింది. ఎండుతోందేమో అనుకున్నారు. రోజుకు రెండుసార్లు కొట్టే తుంపరను ఆరుసార్లకు పెంచారు, పైన జాలీకి ప్లాస్టిక్ కాగితం కప్పారు. నాచు ఇంకా పాడైంది, బూజు పోగులు వచ్చాయి. అప్పుడు ఇది చలిదేశపు మొక్క కదా అని గుర్తొచ్చి, నవంబరు చివర్లో పెట్టెను బేస్‌మెంట్‌లోకి దించి, హీటింగు తీసేశారు. నాచు కొనలు మళ్లీ పచ్చబడ్డాయి. ఇంట్లో అందరూ సంతోషించారు.

పది రోజులకు మగ కప్ప తిండి మానేసింది.

నేను వెళ్లిన రోజు లోపల 16 డిగ్రీలు. నేల పిండితే నీళ్లు కారేలా ఉంది. వేసిన పండు ఈగలు తినేవాళ్లు లేక అద్దం మీద, చివరికి కప్ప కన్ను మీద కూడా పాకుతున్నాయి. కప్ప కొబ్బరి చిప్ప కింద కళ్లు సగం మూసుకుని కూర్చుంది. అక్టోబరులో అమ్మాయి రాసుకున్న బరువు 3.6 గ్రాములు, ఆ రోజు 3.0. అంత చిన్న ఒంటికి అర గ్రాముకు పైగా పోవడమంటే చిన్న విషయం కాదు. ఆడది కొంత నయం, 4.2 నుంచి 4.0కి వచ్చింది.

నాచు ఇంటి జమాఖర్చు

ముందు నాచు సంగతి చూద్దాం. ఎందుకంటే అంతా అక్కడే మొదలైంది, ఇంటింటా నేను చూసే పొరపాటూ అక్కడే ఉంది.

నాచు పగలు వెలుతురులో చక్కెర తయారు చేసుకుంటుంది. బతకడానికి పగలూ రాత్రీ అందులోంచే ఖర్చు పెడుతుంది. సంపాదన ముఖ్యంగా వెలుతురును బట్టి, ఖర్చు ముఖ్యంగా వెచ్చదనాన్ని బట్టి. పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. పెట్టెలో పెద్ద ఆకుల నీడన ఉన్న నాచుకు సంపాదన పెరగలేదు. పెరిగింది ఖర్చే, అదీ రాత్రంతా. ఈలీలో అక్టోబరు రాత్రి నీళ్లు గడ్డకట్టే దగ్గరికి వెళ్తుంది, అప్పుడు ఖర్చు నామమాత్రం. హాల్లో 23 డిగ్రీల రాత్రి దానికి అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టే. పాత మెట్లలో దాచుకున్నది తీసి తింటుంది, అది అయిపోయాక కొన తెల్లబోతుంది.

ఉష్ణమండలంలో పుట్టిన నాచులకు కూడా ఈ బెడద తప్పదు. పనామా కొండ అడవిలో ఒక నాచు మీద తీసిన కొలతల్లో పగటి సంపాదనలో సగానికి పైగా రాత్రి శ్వాసక్రియకే పోతున్నట్టు తేలింది. ఆ దేశాల్లోనూ నాచు దట్టంగా పెరిగేది మబ్బులు తాకే చల్లని కొండల మీద. కింద వెచ్చని మైదానపు అడవిలో అంతగా కనబడదు.

"మరి ఈలీలో జూలై నెల వేడిగానే ఉంటుంది కదా, అప్పుడు ఎలా బతుకుతుంది?" అని తండ్రి అడిగారు. చాలా మంచి ప్రశ్న. వేసవిలో వేడి పెరిగితే ఆ నాచు ఎండిపోతుంది. ముట్టుకుంటే గలగలమంటుంది. ఎండితే చచ్చినట్టు కాదు, దుకాణం మూసినట్టు. సంపాదనా ఉండదు, ఖర్చూ ఉండదు. వాన పడి, చల్లబడినప్పుడు మళ్లీ తెరుస్తుంది. మన ఊళ్లలో ప్రహరీ గోడ మీద ఎండాకాలం నల్లగా మాడినట్టుండే నాచు తొలకరికి గంటల్లో పచ్చబడడం చూసిన వాళ్లకు ఇది కొత్త కాదు. అడవిలో ఈ నాచుకు వెచ్చదనమూ తడీ కలిసి ఎక్కువ కాలం ఉండవు. పెట్టెలో రెండూ కలిసి ఇరవై నాలుగు గంటలూ ఉన్నాయి. దుకాణం మూసే వీల్లేదు, నష్టం రోజూ రాసుకోవాల్సిందే. రోజుకు ఆరు తుంపరలు కొట్టి వీళ్లు చేసింది ఆ తలుపును తెరిచి మేకులు కొట్టడం. నాచు వాడిపోతుంటే నీళ్లు పోయాలనిపించడం సహజం. ఇక్కడ మాత్రం ఆ నీళ్లే దాని ప్రాణం మీదికి తెచ్చాయి.

చలి దీన్ని చంపదు. అంటార్కిటికా దగ్గర సిగ్నీ దీవిలో గడ్డకట్టిన నేలలోంచి తీసిన మరో జాతి నాచు, 1500 ఏళ్లకు పైగా గడ్డకట్టి ఉన్నాక, వెచ్చదనం, వెలుతురు తగిలాక కొన్ని వారాల్లో చిగురించిందని 2014లో ప్రకటించారు. నాచు విషయంలో చలికి భయపడవద్దని నేను చెప్పినప్పుడల్లా గుర్తొచ్చేది అదే.

అదే చలి, కప్పకు

కప్పకు తన ఒంటి వేడి అంటూ ఉండదు. గాలి ఎంతో అదీ అంతే. 16 డిగ్రీల దగ్గర ఈ నీలి కప్ప కడుపు పని చేయడం మందగిస్తుంది, మందగించిన కడుపులోకి ఈగను పంపాలని దానికి అనిపించదు. అంటే నాచుకు ఖర్చు తగ్గించి మేలు చేసిన చలే కప్పకు సంపాదన ఆపేసింది. పైగా ఇది ఎండి ఊరుకోవడం తెలిసిన ప్రాణి కాదు. నాచులా దుకాణం మూసి తాళం వేసుకునే విద్య దీనికి లేదు.

అమ్మాయి అప్పుడు అడిగింది: "ఈలీలో ఆ నాచు కిందే కప్పలుంటాయి ఆంటీ, నేను చూశాను. అవి ఎందుకు చావవు?" అవి వుడ్ ఫ్రాగ్‌లు. చలికాలం ఆకుల కింద, నాచు కింద నిజంగానే గడ్డకడతాయి. ఒంట్లో నీటిలో 65 శాతం దాకా మంచుగా మారుతుంది, గుండె ఆగుతుంది. కాలేయం వదిలే గ్లూకోజు కణాలను కాపాడుతుంది, వసంతంలో కరిగి గెంతుతాయి. ఆ నాచుకు తగిన కప్ప అది. నీలి కప్పకు ఆ పాఠం ఎప్పుడూ నేర్వాల్సిన అవసరం రాలేదు, సిపలివినిలో రాత్రులు కూడా వెచ్చనే. కప్ప అనే ఒక్క మాట కింద మనం ఎన్ని జీవితాలను కలిపేస్తామో చూపడానికి ఆ పిల్ల ప్రశ్న కన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

నాకు అసలు గుబులు వేరే ఉంది. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే శిలీంధ్రం ప్రపంచమంతటా కప్పల జాతులను ఊడ్చిపెట్టింది. దాన్ని కొత్త జాతిగా 1999లో వర్ణించినప్పుడు ఆధారం వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక కప్ప. సరిగ్గా ఈ నీలి రకమే. అది చర్మంలో లవణాల రాకపోకలను చెడగొడుతుంది, చివరికి గుండె ఆగిపోతుంది. 17 నుంచి 25 డిగ్రీల మధ్య అది బాగా పెరుగుతుంది. అడవి కప్పలు తిరిగే చోటు నుంచి నాచు తెచ్చి, ఉడికించకుండా, ఎండబెట్టకుండా పెట్టెలో పరిచి, ఆ తర్వాత చలితో కప్పలను నీరసింపజేశారు. వాళ్లకు తెలియక ఆ శిలీంధ్రానికి విస్తరి వేసినట్టయింది.

చేసిన పనులు

కప్పలను ఆ సాయంత్రమే రెండు విడి డబ్బాల్లోకి మార్చాను. అడుగున తడిపిన కాగితపు తువ్వాలు, దాక్కోవడానికి ఒక చిప్ప, ఒక ఆకు, అంతే. వేడిని ఒక్కసారిగా కాకుండా రెండు రోజుల్లో 24కు తెచ్చాం. రెండింటి పొట్ట మీదా కాళ్ల మీదా దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపాం. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ తల్లి రోజూ రాత్రి బరువు రాసి నాకు పంపారు. కైట్రిడ్ లేదని తేలింది. ఇది అదృష్టమే. ఇంకెవరూ ఈ అదృష్టాన్ని నమ్ముకోవద్దని నా మనవి.

పెట్టెలోని నాచునూ మట్టినీ సంచుల్లో కట్టి చెత్తలో వేయించాను. పెరట్లో పారేద్దామా అని తండ్రి అడిగారు, వద్దన్నాను. పరదేశపు కప్పతో కలిసి ఉన్న ఏ మట్టీ, ఏ నీళ్లూ, ఏ నాచూ బయట నేల మీద పడకూడదు. ఈ విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను.

గ్యారేజీలో మరిచిన రెండో సంచి విప్పితే లోపల నాచు పచ్చగా, మంచు పూసుకుని ఉంది. కప్పల జోలికి పోనిది అదొక్కటే. దాన్ని మూడు పళ్లేల్లో పంచి, ఒకే రకం దీపం కింద పెట్టాం. మొదటిది హాల్లో, ఎప్పుడూ తడిగా. రెండోది గ్యారేజీ కిటికీ దగ్గర, 2 నుంచి 10 డిగ్రీల మధ్య. మూడోది పగలు హాల్లో, రాత్రి గ్యారేజీలో. ఆ మూడో పళ్లేన్ని రోజూ రాత్రి తొమ్మిదింటికి మోసే బాధ్యత అమ్మాయిది. స్వెట్టరు వేసుకుని, పళ్లెం ఒలకకుండా మెట్లు దిగేది. ఒక్క రాత్రి కూడా మానలేదు.

ఆరు వారాలకు మొదటి పళ్లెం హాల్లో పెట్టెలో జరిగినట్టే తెల్లబోయింది. రెండోది పచ్చగా ఉంది, పెద్దగా ఎదగలేదు. నన్ను ఆశ్చర్యపరిచింది మూడోది. పగలు హాలు వెచ్చదనంలోనే ఉన్నా బతికింది. ఐదారు కాడల మీద కొత్త మెట్టు మొగ్గ కూడా కనిపించింది. పగటి వేడి కన్నా రాత్రి వేడే దీన్ని కుంగదీస్తుందని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. మూడు పళ్లేలతో ఏదీ రుజువు కాదు, కానీ ఆ మొగ్గలు చూశాక ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది పెట్టెలో రాత్రి ఎంత ఉంటుందనే.

పెట్టెను కొత్తగా అమర్చాం. అడుగున నీళ్లు దిగిపోయే గులకరాళ్ల పొర, పైన బెరడు ముక్కలు, దాని మీద ఎండుటాకులు. ఈ ఆకులు నాటుబాదం చెట్టువి. ఇక్కడ కప్పలు పెంచేవాళ్లు పొట్లాల్లో కొనుక్కుంటారు. బడి ఆవరణలో ఆ చెట్టు కింద కాయలు కొట్టుకు తిన్న తల్లికి, పొట్లం విప్పగానే ఆకును గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. నాచు కావాలని అమ్మాయి పట్టుబట్టింది కాబట్టి, వెచ్చని నీటి అంచుల్లో పెరిగే జావా మాస్‌ను ఒక మూల దుంగ మీద అతికించాం. అది ఆ మెట్ల నాచంత అందంగా ఉండదు, కానీ 24 డిగ్రీల రాత్రికి బెదరదు. తుంపర రోజుకు రెండుసార్లు, శుద్ధి చేసిన నీటితో. జాలీ మీద ప్లాస్టిక్ తీసేశాం. పగలు 25, రాత్రి 22.

మగ కప్ప నాలుగో రోజున మొదటి ఈగను తిన్నది. అది తినబోయే ముందు చూసిన దృశ్యం నాకు ఇంకా కళ్ల ముందుంది. వెనక కాలి మధ్య వేలు కాగితం మీద టకటకమని కొట్టుకోవడం మొదలైంది. ఆకలిగా ఉన్న టింక్టోరియస్ కప్పలు వేటను చూసి ఇలాగే వేలు ఆడిస్తాయి. ఎనిమిది వారాల్లో ఆ వేలు ఆడడం వీళ్లు చూసింది అదే తొలిసారి. ఏడో వారానికి బరువు 3.5 గ్రాములు.

ఆడ కప్ప మాత్రం మధ్యాహ్నం వేళ ఇంకా బయటికి రావడం లేదు. బరువు తగ్గలేదు, తింటోంది, చర్మం బాగుంది. ఇంకో నెల చూసి, అప్పటికీ మారకపోతే మలం పరీక్ష చేయించమన్నాను.

రెండో, మూడో పళ్లేలు మే నెల దాకా గ్యారేజీలోనే ఉన్నాయి. మంచు కరిగాక వాళ్లు ఈలీ వెళ్లి, తీసిన చోటే, అదే స్ప్రూస్ చెట్టు కింద వాటిని పరిచారు. అమ్మాయి ఫోటో పంపింది. మూడో పళ్లెం నాచులోంచి ఒక కాడను వేలితో ఎత్తి పట్టుకుంది. లెక్కపెట్టాను, ఐదో మెట్టు సగానికి పైగా విచ్చుకుంది.